పదికి రెండు తక్కువ

షువైఖ్‌లో ఆగస్టు, సాయంత్రం అయిదున్నర.
రేకు షట్టరుకి చెయ్యి ఆనిస్తే
తోలు అక్కడే ఉండిపోతుంది.

ఇంజను ముందుండే బండి నాకు తెలుసు,
వెనకుండే బండీ తెలుసు.
దీనికి నడుము దగ్గరుంది, సీట్లకి ఆనుకొని, అడ్డంగా.
గుండెల మీద కుంపటి అంటారు మావైపు.
ఇటలీవాడు దాన్ని తీసుకెళ్ళి వీపుకి కట్టాడు.
నేను పుట్టకముందు బండి. ఎర్రది కాదు,
అందరూ ఎర్రదే అనుకుంటారు.
ఎండుపొగాకు రంగు, ఒకవైపు వెలిసింది.

సీటు వెనక పలక విప్పి
తల ఒక్కటే పట్టే సందులో తల పెట్టాను.
ఫ్లైవీలు మీద గీత కనబడదు. యాభై ఏళ్ళ జిడ్డు.
గుడ్డతో తుడిచి, పెట్రోలుతో తుడిచి,
మొఫిజుల్ కిళ్ళీ పొట్లంలోంచి
వేలికొసన ఇంత సున్నం తీసి
గీత మీద చుక్క పెట్టాను.
నా నోటిది తీసి దీనికి పెడతావా, అని నవ్వాడు వాడు.

వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూతికి స్క్రూ బిగించి
మొదటి ప్లగ్గు వైరుకి లైటు తగిలించాను.
స్టార్టు చేస్తే
సందంతా ఊగింది, నా దవడతో సహా.

అప్పుడు లైటు నొక్కాను.
నిమిషానికి తొమ్మిదొందలసార్లు తిరిగే చక్రం
నిలబడిపోయింది.
నిలబడలేదు, తెలుసు. వేలు పెడితే వేలుండదు.
అయినా ఆ సున్నం చుక్క
పెళ్ళిఫోటోలో రెప్పెయ్యని బావమరిదిలాగా
నన్నే చూస్తోంది.

పుస్తకం పది డిగ్రీలంది.
(పేజీ అంచున ఎవరో పెన్సిలుతో
చిన్న గుడారం గీశారు.)
అంటే పిస్టను పైకి చేరకముందే,
ఇంకా పది డిగ్రీల దూరంలో ఉండగానే
రవ్వ పడాలి.
చాన్నాళ్ళు నాకిది మింగుడుపడలేదు,
ఇంకా వస్తున్నవాడి మొహాన నిప్పేంటని.
ఉస్తాద్ జర్వలీ చెప్పాడు, తన పఠాన్ హిందీలో:
నిప్పు అంటుకోడానికీ టైం పడుతుంది, ఓబులేశూ.
వాడొచ్చాక అంటిస్తే, మండేలోపు వాడెళ్ళిపోతాడు.
మరీ ముందంటిస్తే
ఎక్కేవాడి నెత్తిన మొట్టినట్టు.

డిస్ట్రిబ్యూటరు మెడ పట్టి
వెంట్రుకవాసి తిప్పాను.
చుక్క జరిగింది. ఇంకాస్త.
పదికొచ్చి ఆగింది.
"దస్!" అని అరిచాను, మొనగాణ్ణి.

ఉస్తాద్‌కి ఎడమచెవి పోయి ఆరేళ్ళు. కుడిది పోతోంది.
బండి నన్ను నడపమని
తను పక్కసీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని
పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి పళ్ళ మధ్య కరిచిపట్టాడు.
ఫ్లైఓవరు ఎక్కేచోట మూడో గేరులో తొక్కమన్నాడు.
తొక్కాను.
పెద్ద గర్జన, వేడిగాలి. అంతే.
నా రెండు చెవులూ బాగున్నాయి, నాకేం వినబడలేదు.
ఆయన పళ్ళకి వినబడింది:
మూత పెట్టిన మూకుట్లో ఆవాలు.
రెండువేళ్ళు చూపించాడు. వెనక్కి.

పుస్తకం పదంది, ఉస్తాద్.
ఎక్కడ కూర్చుని రాశారో అడిగావా దాన్ని?

మళ్ళీ పలక. మళ్ళీ సందు. మెడ మీద బొబ్బ.
ఎనిమిదికి తెచ్చి బోల్టు బిగిస్తే తొమ్మిదికి పాకింది.
వదులు చేసి ఏడుకి పెట్టి బిగిస్తే
ఎనిమిది మీద కూర్చుంది.
బిగింపుకి కూడా కాస్త వదిలిపెట్టాలని
ఎవరూ చెప్పలేదు నాకు.

ఇషా నమాజు అయ్యాక బూ మిష్అల్ వచ్చాడు,
డబ్బులు లెక్కపెట్టకుండా ఇచ్చి ఎక్కాడు.
మలుపు తిరిగేదాకా ఉస్తాద్
కుడిచెవి రోడ్డుకేసి పెట్టి నిలబడ్డాడు.
మోగిందా? అన్నాడు.
లేదన్నాను.
నిజానికి అప్పుడే ఎదురు షాపువాడు షట్టరు దించాడు.

పుస్తకం మూసేముందు మళ్ళీ చూశాను ఆ గుడారాన్ని.
పదకొండేళ్ళుగా ఈ ఊరి నంబరు ప్లేట్లు చదువుతున్నాను.
అరబ్బీలో ఎనిమిది అలాగే రాస్తారు.
పెన్సిలు బాగా వెలిసింది.
ఏ ఆగస్టులో, ఎవరి పళ్ళకి వినబడిందో.

మొఫిజుల్ సున్నం పొట్లం కోసం బెంచీ కింద వెతుకుతున్నాడు.
నా జేబులో ఉంది.