ఖాళీ గడి

ఏప్రిల్ దాకా ఆగుదామన్నది నేనే.
సముద్రం గడ్డకట్టినప్పుడు
మూహు దీవి నుంచి విర్త్సు రేవు దాకా
కారు పోనివ్వచ్చో లేదో
జనం పొద్దున్నే చూసుకునే పేజీ ఇది.
ఒక్క పూట తప్పుడు అంకె చూపినా
చక్రాల కింద నీళ్ళుంటాయి.

ఇప్పుడు మంచు కరిగింది. ఎవరూ చూడరు.
హాప్సలులో బేకరీ కింది గదిలో
పందొమ్మిదేళ్ళు మమ్మల్ని మోసిన యంత్రాన్ని
వైనో ఈ నెలాఖరుకి ఆపేస్తున్నాడు.
మోకాళ్ళు అరిగాయట, ఆయనవీ, దానివీ.
కొత్త చోటు ఫిన్లాండులో,
నేనెన్నడూ చూడని ఏదో రాతిగుహలో.
అద్దె మాత్రం చవక.

మూట కట్టాను. నలభై ఒక్క మెగాబైట్లు.
పందొమ్మిది చలికాలాలు ఇంతేనా!
అవ్వ పెట్టె ఎత్తి చూసి
తేలిగ్గా ఉందేమిటని ఉలిక్కిపడ్డట్టయింది.

అక్కడ దించగానే ఒక అక్షరం పోయింది,
నెత్తిమీద చిన్న అల ఉన్న ఓ.
కనిపించిన చోటల్లా ప్రశ్నార్థకాలు.
మా దీవివాళ్ళకి ఆ శబ్దం నోరు తిరగదని
అవతలి ఒడ్డువాళ్ళు వెక్కిరిస్తుంటారు.
దీనికీ మా యాసే అంటుకుందని నవ్వుకుని
సరిచేశాను.

తర్వాత ఒక గడి దగ్గర మొరాయించింది.
రెండువేల పది, ఫిబ్రవరి పదకొండు.
మందం: ఖాళీ.
ఖాళీ కుదరదు, సున్నా వేస్తానంది కొత్త సర్వర్.

సున్నా అంటే మంచు లేదని.
ఖాళీ అంటే కొలవలేదని.
ఆ రెంటి మధ్య
ఒక కారు మునిగేంత లోతుంది.

ఆ రోజు ఎండెల్ బరమా పట్టుకుని వెళ్ళాడు, నాకు గుర్తే.
కన్నం వేశాడు. కొలబద్ద దించబోతే
కిందనుంచి సీలు ఒకటి ముక్కు బయటపెట్టి
ఆయన మొహాన ఊపిరి వదిలిందట.
ఒకటే చేపల కంపు.
కొలబద్ద అక్కడే పారేసి వచ్చి
పొయ్యి పక్కన కూచుని
పొద్దుగూకేదాకా నవ్వుతూనే ఉన్నాడు.
"దాని ఇంటికి తలుపు పెట్టి
దాన్నే అడగలేదు నేను" అన్నాడు.
అంకె చెప్పలేదు. నేనూ రాయలేదు.

అర్ధరాత్రి దాటాక
ఒకే ఒక్క వరుస మార్చాను:
ఈ గడి ఖాళీగా ఉండొచ్చు.
సర్వర్ ఏమీ అనలేదు. తీసుకుంది.

ఇక చిరునామా తిప్పడం.
మంచుదారి నియమాలే దీనికీ:
బెల్టు పెట్టుకోకు,
ముందు బండికి దూరంగా ఉండు,
నడిమధ్య ఆగకు.
నొక్కాను.

ఈ కబురు అందరికీ అందడానికి
రెండు రోజులు పడుతుంది.
నా తెరమీద కొత్త ఇల్లు వచ్చేసింది:
దారి లేదు, సముద్రం తెరిచి ఉంది.
టార్టులో మేనకోడలు మారెట్‌కి ఇంకా పాతదే.
చివరి అంకె తుడవడం మరిచాను దాంట్లో.
"అత్తా, ఇరవై రెండు సెంటీమీటర్లట,
కారేసుకుని వచ్చెయ్యనా?"

కిటికీ అవతల
మొదటి ఫెర్రీ నీళ్ళని చీలుస్తూ పోతోంది.
జవాబు రాశాను:
రా. మెల్లగా రా.
మధ్యలో మాత్రం ఆగకు.