రెండు మార్కుల ప్రశ్న

గంగపట్నం దాటినాక, రోడ్డు ఇసకైపోయే చోట
ఓనరుగారి ఆరు రొయ్యల గుంటలకి
రాత్రి కాపలా మా నాయన.
ఆయన నిద్రపోకూడదు.
కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే
తెల్లారేసరికి రొయ్యంతా పోద్ది,
దాంతోపాటే జీతం.

నేనూ నిద్రపోకూడదు.
సోమవారం నించి పరీక్షలు,
ఆరు పేపర్లు, మధ్యలో ఒక్క ఆదివారం.
హాల్ టికెట్ మీద పేరు పోలెరమ్మ అని పడింది,
దీర్ఘం పోయింది. పోనీలే,
కాలేజీలో అందరికీ నేను పోలినే.

అందుకని ఒప్పందం:
నేను పైకి చదవాలి, ఆయన వినాలి.

మేత బస్తాల మీద కూర్చుంటాను.
ట్రంకు రోడ్డులో జిరాక్సు తీయించిన గైడ్లు,
అట్టల్లేనివి, ఎండుచేప పొడి వాసన పట్టేసినవి.
ఎకనామిక్సు చదివితే నాయన నవ్వుతాడు.
"సప్లై పెరిగితే ధర తగ్గుద్దంట నాయనా."
"అది రాసినాయన ఈ పక్కకి రాలేదు మే.
సప్లై తగ్గినా తగ్గిస్తారు ఈడ."
ఇంగ్లీషు చదివితే మాట్లాడడు,
కొత్త చుట్టం ముందు కూర్చున్నట్టు
మోకాళ్ళు దగ్గరికి తీసుకుని వింటాడు.
కంప్యూటర్స్‌కి మాత్రం కునుకే.
రామ్, రోమ్ అనగానే తల వాలిపోద్ది.
అప్పుడు తెలుగు తీయాలి.

తెలుగులో ఛందస్సు.
గురువు, లఘువు, లఘువు. భగణం.
నీళ్ళ మీద ఏరేటరు రెక్కలు అట్నే కొడుతున్నాయి,
ధాం తక ధాం తక ధాం తక.
బస్తా మీద వేలితో వేసి చూపించాను.
నాయన చెవి పెట్టి విని,
"నాలుగో గుంటలోది అట్ట లేదే" అన్నాడు.
టార్చి వేసి చూస్తే
రెక్కకి నాచు చుట్టుకుని
ఒక లఘువుని మింగేస్తోంది.
గణభంగమని మా మేడం బోర్డు మీద
ఎన్నిసార్లు గీసినా ఎక్కనిది
నడుంలోతు నీళ్ళలో, నాచు పీకుతూ ఎక్కింది.

సోషియాలజీ, మూడో యూనిట్.
రెండు దాటింది. ఎక్కడో సముద్రం.
కళ్ళు గీతల మీద, నోరు దాని దారిన అది:
"యానాదులు. నెల్లూరు ప్రాంతమున ఎక్కువ.
చేపలు, ఎలుకలు పట్టుట, కాపలా కాయుట వీరి వృత్తి."

నాయన టీ గ్లాసు కింద పెట్టాడు.
"అంతేనా?"
"అంతే."
"ఎన్ని మార్కులు?"
"రెండు."
కాసేపు గుంట వైపు చూశాడు.
"తిన్నగా రాయి మరి. పోగొట్టుకోబాక."

తర్వాత నేను చదవలేదు. ఆయనా అడగలేదు.
మిగతా యూనిట్టు ఏరేటర్లు చదివాయి.

గురువారం ఆ ప్రశ్న వచ్చింది,
సెక్షన్ ఎ, నాలుగోది.
ఐదు లైన్లు మించరాదని పైనే అచ్చేశారు.
రాసుకుంటా పోయాను.
కాలవ తూము దగ్గర మావు పెట్టే కోణం,
పాముకాటుకి మా అవ్వ నూరే పసరు,
ఆధార్ కార్డు కోసం మండలాఫీసు మెట్ల మీద
మా అమ్మ కూర్చున్న మూడేళ్ళు,
నడిరాత్రి ఒక లఘువు తప్పితే పట్టే చెవి.
రెండో పేజీ తిప్పేసరికి గంట కొట్టారు.
పది మార్కుల ప్రశ్న ఒకటి ముట్టుకోనే లేదు.

ఇంటికొచ్చి చెప్తే
నాయన తిట్టాడు. నిజంగానే తిట్టాడు.
"రెండు కోసం పది వదులుకుంటావా? ఇదేం బేరం?"
అన్నం ముందు కూర్చుని గూడా గొణుగుతానే ఉండాడు.

రాత్రి మళ్ళీ గట్టు మీద.
రేపు కంప్యూటర్స్.
రెండో లైనుకే తల వాల్చేశాడు.
లేపబోతే, కళ్ళు తెరవకుండానే,
"పాము పసరు సంగతి గూడా రాసినావా?"
"రాశా."
"ఏం ఆకో రాయలేదు గదా?"
"లేదు."
"అదీ" అని లేచి
మొహం కడుక్కోడానికి పోయాడు.