బాణం గుర్తు

మా మిట్టూరులో ఫ్యూజుని ఫీజు అంటారు.
ఫీజు పోయిందంటే
కరెంటు పోయిందో, పిల్లకాయల బడి డబ్బులు పోయినాయో
చెప్పేవాని మొగం చూసి తెలుసుకోవాల.

ఆ పొద్దు ఏకాంబరం మొదలియారు
అగ్గిపెట్టెంత డబ్బీ తెచ్చి
నా సోల్డరింగు బల్ల మీద పెట్టినాడు.
లోపల నల్ల స్పాంజి, స్పాంజిలో గుంత,
గుంతలో చిటికెనవేలు కొనంత ఫీజు.
రెండు కొనలకీ బంగారు పూత.
ఒంటి మీద చిన్న బాణం గుర్తు.

"ఎంత సామీ?"
చెప్పినాడు.
మా పాప ఇంటర్మీడియట్ రెండో టర్ము అంత.
ఫీజంటే ఇదీ, అనుకున్నా.

నా దగ్గర గాజు ఫీజులు
పాత ఊరగాయ సీసాలో ఉంటాయి.
ఒకటి ఎనిమిది రూపాయలు, పది కొంటే డెబ్బై.
మా నాయన లైన్‌మాను. ఆయనకి గాజు కూడా లేదు.
వైరు తోలు పళ్లతో లాగేసి
ఒక్క రాగి పోగు తీసి చుట్టేవాడు.
"సన్నంగా ఉండాల రా.
ముందు ఇది చావాల, మోటరు బతకాల."
అంతకు మించిన శాస్త్రం నేను చదవలేదు.

"బాణం ఎటు పెట్టాల సామీ?
మన కరెంటు సెకనుకి యాభై సార్లు
పోతాది, వస్తాది.
పోయేదానికా ఈ బాణం, వచ్చేదానికా?"

ఆయన నవ్వలేదు.
ముప్పై ఏళ్లు బెల్లం మండీలో తూకం చూసిన మనిషి.
అచ్చు అరచేతిలో పడితే చాలు
ముల్లు కదలకముందే
తడి ఎంతో, మడ్డి ఎంతో చెప్పేవాడంట.
"అటొకసారి పెట్టు, ఇటొకసారి పెట్టు.
నేను వింటా," అన్నాడు.

కాయల కాలం.
గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ తిరగతా ఉండాయి.
ఓల్టేజీ నూట తొంభై దాటదు,
ఫ్యాను రెక్కలు లెక్కబెట్టుకోవచ్చు.
గ్రీమ్స్‌పేటలో ఆయన మిద్దె మీది గదిలో
రెండు గంటల దాకా కూచున్నాం.
ఎక్కడో మోటర్లు ఆగినట్లుంది,
నా మీటరు ముల్లు మెల్లిగా లేసింది.
రెండొందల ఇరవై.

ముందు నా ఎనిమిది రూపాయలది.
ఎవరిదో వీణ, గీతలు పడిన రికార్డు. బాగానే ఉంది.
తర్వాత ఆయనది.
మొదలియారు కండ్లు మూసుకున్నాడు.
"తంబూరా," అన్నాడు,
"ఇంతసేపూ గోడకానుకొని కూచోనుండె.
ఇప్పుడు జరిగి ముందుకొచ్చింది."

టార్చి పళ్ల మధ్య పెట్టుకొని
ఫీజు తీసి, వేళ్లలో తిప్పి, మళ్లా పెట్టినా.
"ఇప్పుడు?"
"గోడ కాడికి పోయింది."

పరీక్షకని ఉండినట్లే పెట్టాలనుకున్నా.
ఉండినట్లే పెట్టినానా, తిరగేసినానా,
ఆ చీకట్లో నాకే తప్పిపోయింది.

ఇరవై రెండేళ్లుగా వింటానే ఉండా.
అలో అలో, ఎడమ పక్క పలికిందా,
గుర్రు ఉందా, గరగర ఉందా.
నేను వినేదంతా తప్పుల కోసమే.
ఆ రాత్రి వెతకడానికి తప్పు లేదు.
తంబూరాలో లావు తీగ
మీటినాక ఎంతసేపుంటాదో
ఆ పొద్దే తెలిసింది నాకు.

పదకొండో రోజు గాలీవానా.
పలమనేరు పక్క ఎక్కడో పిడుగు పడింది.
బంగారు పూతా, బాణమూ
ఒక్క "టక్"తో సరి.
నాయన చెప్పినట్లే చచ్చింది.
ఆంప్లిఫయరుకి గీత కూడా పడలేదు.

ఊరగాయ సీసాలోంచి ఒకటి తీసి పెట్టినా.
"ఎట్లుంది సామీ?"
"కానీలే," అన్నాడు.
చచ్చినదాన్ని తుడిచి
దాని గుంతలోనే పండబెట్టి డబ్బీ మూసినాడు.
నాకు ఎనిమిదికి పది ఇచ్చినాడు, చిల్లర అడగలేదు.

మెట్లు దిగతా దిగతా
నాలుగో మెట్టు మీద నిలబడిపోయినా.
పైన వీణ వాయిస్తానే ఉంది.
నాకెందుకో
తంబూరా గోడ కాడే ఉన్నట్లనిపించింది.

ఎవరికి చెప్పేది.
మా పాప ఫీజుకి ఇంకా నాలుగు రోజులుంది.