యాడికి

సోమవారం పొద్దున ఐదున్నరకు
గుంతకల్లు టేసన్లో టికెట్ల వరుస
మెట్లు దిగి, ఆటోల దాకా పోయి
అక్కడ వరుస కాకుండా పోతుంది.

ముప్పైనాలుగేండ్లు పాయింట్స్‌మన్‌ని.
బండ్లను పట్టాలు మార్చినోణ్ని
రిటైరయినాక మనుషుల్ని మారుస్తున్నా,
కిటికీ ముందర్నుంచి మిషను ముందరికి.
నూటికి మూడు రూపాయలు నాకు.
మెడలో బిళ్ల, చేతిలో నీలం కార్డు.
కుళ్ళాయప్ప అనే పేరు మిషనుకు తెలీదు
కార్డులో ఎంత మిగిలిందో తెలుసు.

"యాడికి?" అంటాను.
"యాడికే" అంటుంది ఓబుళమ్మ.
వెనకున్న కాలేజీ పిల్లోడు పకపకా నవ్వుతాడు.
వాడికి కొత్త.
మా ఇద్దరికీ అరిగిపోయిన మాట.

అద్దం మీద వేలు పెట్టి వెతికితే
యాడికి యాడా లేదు.
ఊరుంది, సంతుంది, శెనక్కాయ చేన్లున్నాయి,
రైలు మాత్రం రాయలచెరువులో నిలబడి
మిగతాది మీరే చూసుకోండంటుంది.
రాయలచెరువు నొక్కుతాను.
పదకొండు మందిని ఒక్కసారి ఒప్పుకోదు మిషను.
నలుగురు, నలుగురు, ముగ్గురు.
మూడుసార్లు కార్డు ఆనిస్తే
మూడు కాయితాలు, ఇంకా వెచ్చగా.

పోయినేడు ఇదే గుంపు.
ఎర్రక్కను నాలుగింటికే పంపేవాళ్లు వరుసలో నిలబడను,
చంకలో బిడ్డతో.
ఒకరోజు కిటికీలోని సారు "చిల్లర తే" అన్నాడు.
టీ అంగడి, అరటిపండ్ల బండి, మళ్లీ టీ అంగడి.
చిల్లర దొరికింది, బండి కదిలింది.
ఆరుగురు టికెట్ లేకనే ఎగబడి ఎక్కారు
ఐదుగురు మిగిలారు.
ఆ ఐదు కూళ్లు ఏ లెక్కలో రాసుకున్నారో
నేను అడగలేదు.

ఇప్పుడు బండికింకా పద్దెనిమిది నిమిషాలు.
ఏం చేయాలో తోచదు వాళ్లకు.
సద్ది విప్పరు, అది మధ్యాన్నానికి.
ఎర్రక్క స్తంభానికి ఆనుకొని కాళ్లు చాపుతుంది.
ఊరికే చాపుతుంది.
ఆమె మడమలు చూడ్డం నాకిదే మొదలు.

అందరూ రారు నా దగ్గరికి.
హుసేనప్ప వరుసలోనే నిలబడతాడు,
ముందు పదిమంది, వెనక ఇరవైమంది.
"మనిషి ఇస్తేనే టికెట్టప్పా" అంటాడు.
నేనెవరినని అడగబోయి
మిషను వైపు తిరుగుతాను.

సాయంత్రానికి కార్డులో పద్దెనిమిది రూపాయలు.
మిగతాదంతా నా సంచిలో
చెమట వాసన, ఆకువక్క వాసన వేసే
ఒంట్రూపాయలు, రెండ్రూపాయలు, మడతలు నలిగిన పదులు.
పొద్దున నేను ఖాళీ చేయించిన కిటికీ ముందు
ఇప్పుడు నేనొక్కణ్నే వరుస.
అద్దం కింది సందులోంచి
గుప్పిళ్లు గుప్పిళ్లుగా తోస్తాను.

అదే సారు.
కండ్లద్దాలు పైకి జరిపి
"ఇంత చిల్లర యాడిది కుళ్ళాయప్పా?" అంటాడు.

"యాడికిదే సార్."