ఏలిముద్ర

ప్లీడరు బాబు నిన్న రాత్రే నేర్పినాడు:
"ఈ బిడ్డ నాకొద్దు అని గట్టిగా సెప్పాల.
మెల్లగా సెప్తే లెక్కలోకి రాదు."

నేర్చుకున్నాను.
కాసీబుగ్గ బట్టీలో జీడిపిక్కలు కొడుతూ
పిక్కకొక మాట సొప్పున నేర్చుకున్నాను.
పక్కనున్న దమయంతప్ప
"ఏటే, ఏటి గొణుగుతున్నావు?" అంటే
నవ్వీసినాను.

పలాస కోర్టులో ఫేను తిరుగుతాది గాని గాలి రాదు.
సంకలో గుంట. పదో నెల.

సర్కారు ప్లీడరు కాయితం సూపినాడు.
"ఈ వేలిముద్ర నీదేనా?"
నల్లటి మరక. అందులో ఒక్క గీతా నేదు.
పిక్కసొన తగిలి తగిలి
ఏళ్ళ మీద తోలే నిలవదు బాబూ,
గీతలెక్కడ నిలుస్తాయి?
రేసను మిసనే నన్ను నానని ఒప్పుకోదు.
"అయితే నీది కాదంటావా?"
నాదే.
సిరా ఎక్కువైపోతే ఎస్తేరు సిస్టరు
దూదితో తుడిసినాది కూడా.

సదివినాడు:
"శస్త్రచికిత్స విఫలమయ్యే అవకాశం కలదని
నాకు అర్థమయ్యే భాషలో వివరించినారు..."
ఆ బాసే నాకర్దమైతే
బట్టీలో ఎందుకుంటాను?

ఆ రోజు ముప్పై నాలుగు మందిమి.
వరండాలో సాపలు, సాపల మీద మేము.
డాక్టరు బాబు మొకం నాను సూడనేదు,
మాస్కూ కళ్ళజోడూ సూసినాను.
మజ్జాన్నం కేరేజీ ఇప్పకముందే
అందరివీ ఐపోనాయి.
నాకు గేపకమున్నది సిస్టరు సెయ్యొక్కటే.
"పది దాకా ఎంచు" అన్నాది.
ఏడు కాడ నిద్దరొచ్చీసినాది.

ఆ సిస్టరే ఇప్పుడు అవతల పక్క నిలబడ్డాది.
మూడో ప్రతివాది అంట.
డాక్టరు బాబుకి బదిలీ అయినాదంట,
ఆయన బదులు కాయితం వొచ్చినాది.
సిస్టరు బదులు రాడానికి
ఏ కాయితమూ నేదు.

"బిడ్డ వద్దనుకుంటే
మొదట్లోనే ఎందుకు తీయించుకోలేదు?"
ఆపరేసనైన మనిసిని,
నెల తప్పినాదని ఎలాగనుకుంటాను?
గేసనుకున్నాను. సోడా తాగినాను.
ఇది లోపల తన్నినాక తెలిసినాది
గేసు కాదని.

ఎవులో నవ్వినారు.
జడ్జి అమ్మగారు తలెత్తితే ఆగినారు.

"సూటిగా చెప్పు. ఈ బిడ్డ కావాలా, వద్దా?"

టైపు కుర్రోడి ఏళ్ళు గాల్లో ఆగిపోనాయి.
మా ప్లీడరు కనుబొమ్మలెగరేసినాడు.
నాకు తెలుసు,
ఆ ఒక్క మాటకి రెండు లచ్చలు.
పెద్ద గుంటల బడీ, ఇంటి మీద రేకులూ,
బట్టీకాడ తెచ్చిన బాకీ.
నేర్చుకున్న మాట గొంతుదాకా వొచ్చినాది,
గట్టిగానే వొచ్చినాది.
గుంట నా పుస్తెలతాడు సీకుతున్నాది.

"ఒద్దనే ఏలేసినాను బాబూ.
కాన్పు ఒద్దని.
ఈ గుంటని ఒద్దనడానికి
ఆ రోజు ఇది నేదు కదా."

"అవునా, కాదా? ఏదో ఒకటి చెప్పమ్మా,
టైపు చెయ్యాలి."

రెండిట్లో ఏదీ నా నోట రానేదు.
జడ్జి అమ్మగారు పెన్నుకి మూత పెట్టినారు.
వాయిదా. వొచ్చే నెల పద్నాలుగు.

మెట్ల మీద మా ప్లీడరు
"నోటికాడ కూడు తన్నీసుకున్నావే" అని
బండి తీసుకొని ఎలిపోనాడు.
బస్సుకింకా టయిముంది.
సిస్టరు వొచ్చి పక్కన నిలబడ్డాది.
ఎదర పార్టీ. మాటాడొచ్చో కూడదో
ఇద్దరికీ తెలీదు.
గుంట రెక్క పట్టుకొని
బరువు సూసినట్టు సూసి
ఉండలేక అడిగినాది:

"తొమ్మిదో నెల టీకా ఏయించినావా?"

నేదు సిస్టరమ్మా.
ఆ బుదారం వాయిదా ఉండినాది.