గెడ్డ పక్కది

మందస దాటి, జీడితోటలు వెనకబడ్డాక
జీపు ఇంక రానని మొరాయించింది.
అక్కణ్ణించి గురువారి ముందు, నేను వెనక.
నా కాళ్లకి బూట్లు, జలగలు.
ఆమె కాళ్లకి రెండూ లేవు.

ఈతచెట్టనుకున్నాను మొదట.
నిలువెత్తు మాను, ఒంటినిండా రాలిన ఆకుల మచ్చలు.
నడినెత్తిన, బూరు బూరుగా,
ముడుచుకు పడుకున్న కుక్కపిల్లలా
ఇంకా విప్పని ఆకు.
పువ్వు లేదు. కాయ లేదు. ఎప్పటికీ రాదు.
తిరగేస్తే అడుగున
ఎవరో లెక్కపెట్టి కుట్టినట్టు గోధుమ చుక్కలు.

శ్రీకాకుళంలో నా గదిలో
పాత పేపర్ల మధ్య ఆరింది ఆకు,
వేలం ప్రకటనల మీద పచ్చటి చెమ్మ వదిలి.
కాడకి ముళ్లున్నాయా? ఉంటే ఇటు, లేకుంటే అటు.
పొలుసు అంచు నున్ననా, రంపమా?
చుక్కల మీద మూత ఉందా?
ప్రతి మలుపులోనూ పుస్తకం దారి చెప్పింది,
పదకొండో మలుపు దాకా.
అక్కడ ఇటు కాదు. అటూ కాదు.
భూతద్దం తుడుచుకుని మళ్లీ మొదటికొచ్చాను,
ఏడుసార్లు.
కలకత్తాకి పార్సిలు, రెండు వర్షాకాలాలు.
"మా దగ్గర ఇలాంటిది లేదు" అని జవాబొచ్చిన రోజు
క్యాంటీన్‌లో రెండు టీలు చెప్పి
రెండూ నేనే తాగాను.

పేరు అడగడానికి మళ్లీ కొండెక్కాను.
"ఏటంతాం? గెడ్డ పక్కది అంతాం.
అదున్న కాడ తవ్వితే ఏసంగిలోనూ నీరుంతాది."
నేను చెప్పుకుపోయాను:
ఉందని కాగితం మీద రాస్తేనే ఉన్నట్టు,
రేపు క్వారీవాళ్లొస్తే
ఆ కాగితమే అడ్డం పెట్టొచ్చు, అని.
గురువారి కొడవలి బండకేసి నూరుకుంటూ విన్నాది.

"అయితే దీనికి పట్టా ఇచ్చేత్తన్నారన్నమాట.
నువ్వు సూసి ఎన్నాళ్లయినాది?"
"రెండేళ్లు."
"మా పోడుకి మా అయ్య ఏలిముద్రేసి
పద్నాలుగు."

కోపంగా అనలేదు. ధర అడిగినట్టు అంది.
నేను నీళ్లసీసా మూత తీసి, మళ్లీ పెట్టాను.
ఆమె ఆకు తిరగేసి
బొటనవేలితో అడుగు తుడిచింది.
సన్నటి గోధుమ పొడి అంటుకుంది.
కాసేపు దాన్ని చూసుకుని
నా నోటుపుస్తకం లాక్కుని
ఆఖరి పేజీలో అద్దింది.

జాతి పేరు అన్నచోట ఇంకా ఖాళీయే.
ఎత్తు రాశాను, నేల రాశాను, తేదీ రాశాను.
ఆ వేలిముద్రలో ఎన్ని వేల సిద్ధబీజాలో.
పేజీ తిప్పితే రాలిపోతాయని
ఇంతవరకు తిప్పలేదు.