తెలుపు చూపించు

లైబ్రరీ అంటే నాకు తెలిసింది
చండూరు బస్టాండు వెనక గది.
గ్రూప్ ఫోర్ పోరగాళ్లు పేపరు కప్పుకొని పండే బెంచీలు,
తిరగని ఫ్యాను, సంతకాల రిజిస్టరు.
ఇప్పుడు ఇంకొకటి తెలిసింది.
బీరువా లేదు, అట్ట లేదు,
ఎక్కడో ఎవరో రాసి వదిలిన నాలుగొందల వరుసలు.
ఆయన పేరు నా నోరు తిరగదు.
మర్రిగూడ నీళ్లు ఆయన తాగి ఉండడు.
పైన చిన్న అక్షరాల్లో రాసిండు:
"తోచినట్టు వాడుకోండి, పూచీ మాది కాదు."
మా ట్యాంకు మీద అంత నిజం ఎవరూ రాయలేదు.

ఈదమ్మ నూనె సీసాలో బోరు నీళ్లు తెచ్చింది.
మందు అయిదు చుక్కలు.
గులాబీ నిలబడితే మంచి నీళ్లు,
పసుపుకు దిగితే ఫ్లోరైడు.
చెప్పడానికి ఇంతే.
కానీ ఎన్ని కండ్లో అన్ని రంగులు.
నాకు కమలాపండు.
కార్యదర్శికి "ఇంకా గులాబీయే కదా".
బోరు వేసిన కాంట్రాక్టరుకు పొద్దుగూకినా గులాబీయే.
అట్టముక్క మీది రంగుల గడులా,
అవి ఎండకు ఎన్నడో వెలిసినయ్.

అందుకే ఈ బిళ్ల.
రూపాయంత, నడుమ నల్లగింజ, పక్కన తెల్ల దీపం.
తీగలు గుచ్చి పిలిస్తే పలకలేదు.
"సెన్సర్ దొరకలేదు, తీగలు చూసుకో" అని
పొద్దంతా ఒకటే మాట.
రాత్రి కరెంటు పోయినంక
సెల్లు వెలుతురుల చూసిన:
డేటా తీగ క్లాకు తీగ జాగాల కూసున్నది.
మార్చిన. పలికింది.

ఆ తర్వాత అడిగేవి చిన్న ప్రశ్నలు.
ఎంతసేపు కన్ను తెరవాలె?
ఎంత పెంచి చూడాలె?
సెకనులో ఆరో వంతు చాలన్న.
ఎండ సొరకుండ
చెప్పుల డబ్బాకు పాత గొడుగు గుడ్డ కట్టిన.
లెక్కకు ముందు ఒకసారి
దానికి తెలుపు చూపించాలె.
ఏది తెలుపు?
కాయితం నీలం కొడుతున్నది.
గోడ సున్నం మీద పొగ.
బయట ట్రాక్టరుల పత్తి ఉన్నది, దుమ్ము పట్టి.
"మా మనుమరాలి పండ్లయితే చూపియ్యకు"
అని ఈదమ్మ నవ్వబోయి
కొంగు అడ్డం పెట్టుకున్నది.
ఆ పిల్ల, ఆరో తరగతి,
పెదవి విప్పకనే
బడిసంచిలకెళ్లి సుద్దముక్క తీసిచ్చింది.

ఎరుపు వెయ్యిన్నీ నలభై.
ఆకుపచ్చ తొమ్మిదొందల పన్నెండు.
నీలం రెండొందలు దాటలేదు.
మళ్ల పోసి చూసిన. మళ్ల అంతే.
కాంట్రాక్టరు లోపలికొచ్చిండు.
ఒక్క అంకె కూడా లేచి నిలబడలేదు.

లీటరుకు మూడు మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ.
ఉండాల్సింది ఒకటిన్నర లోపల.
రాసి సంతకం పెట్టిన.
"అంకె చెప్పినవ్ బిడ్డా, మంచిదే.
రేపేం తాగాలె?"
లైబ్రరీ మొత్తం పైనుంచి కిందికి జరుపుతూ కూసున్న,
జవాబు కోసం కాదు,
ఆమె మొహం చూడలేక.

ఈదమ్మ సీసా కడుక్కున్నది,
మల్ల నూనెకు కావాలట.
పిల్ల సుద్దముక్క వాపసు అడిగింది.